మాత్ర - మోతాదు: ఔషధపు కొలతను గూర్చి కొన్ని విషయములు

తెలుగున 'మాత్ర' యను శబ్దము రెండు శాస్త్రములవారికి నిత్యోపయోగమైనది. ఛందశ్శాస్త్రమున నది కాలపు కొలత. లఘువునకు ఒకటి, గురువునకు రెండు. వైద్యమున నది మ్రింగు బిళ్ళ. రెండింటికిని మూలము కొలుచుట యను నర్థముగల సంస్కృత ధాతువే. చరకసంహిత సూత్రస్థానమున అయిదవ యధ్యాయమునకు 'మాత్రాశితీయము' అని పేరు. అచ్చట మాత్ర యనగా తినదగిన పరిమాణము. అది తినువాని జఠరాగ్నిని బట్టి మారునది. కొలత పేరు కొలువబడిన వస్తువునకు సంక్రమించుట భాషలో వింత కాదు. కాని వైద్యమున ఈ యర్థపరిణామము ఒక చిక్కు తెచ్చిపెట్టినది. 'ఒక మాత్ర వేసికొనుము' అన్నప్పుడు కొలత చెప్పితిమను భ్రాంతి కలుగును. నిజమునకు చెప్పినది బిళ్ళల లెక్క. మందు కొలత కాదు.

'మోతాదు' చరిత్ర మరియొక విధమైనది. అది ఉర్దూ ద్వారమున మనకు వచ్చిన అరబీ శబ్దము. అలవాటైనది, వాడుక పడినది అని దాని మూలార్థము. వాడుకగా తీసికొను పరిమాణమే మోతాదు. ఒక పదమున కొలత వస్తువుగా మారినది. మరియొక పదమున అలవాటు కొలతగా మారినది. ఈ రెండు మార్పులును పదచరిత్రకారునికి వినోదము గొల్పును. రోగి మంచము చెంత నిలుచు నర్సునకు ఈ రెండును అపాయస్థానములే.

నేను వైద్యుడను కాను. కొంతకాలము పాతబస్తీలో నర్సు శిక్షణ పొందు విద్యార్థినులకు తెలుగు సంభాషణ బోధించు పని నాకు తటస్థించినది. వారి పాఠ్యగ్రంథములన్నియు ఆంగ్లమున నున్నవి. రోగులు మాటాడునది తెలంగాణపు తెలుగు, దక్కనీ ఉర్దూ. బిళ్ళను 'గోలి' అందురు, ఇంజక్షనును 'సూది' అందురు, ఆసుపత్రిని 'దవాఖాన' అందురు. వేళలు 'పొద్దుగాల, పగటీలి, మాపటికి'. కోస్తా జిల్లాలనుండి వచ్చిన విద్యార్థిని ఈ మాటలకు మొదట తడబడెడిది. వారికి భాష నేర్పబోయి, వారి ఔషధశాస్త్ర పుస్తకమును నేను చదువవలసివచ్చినది. ఈ వ్యాసము ఆ చదువు ఫలము.

ఈ నగరమున వైద్యవిద్యాభాష పలుమార్లు మారినది. 1846లో నెలకొల్పబడిన హైదరాబాదు వైద్యపాఠశాలలో బోధన ఉర్దూలో సాగెను. 1880ల నడుమ అది ఆంగ్లమునకు మారెను. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ముందే, 1917లో, అనువాదశాల ఏర్పడి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చెను. వైద్యకళాశాలలోను కొంతకాలము ఉర్దూయే బోధనభాషగా నుండెను. 1948 తరువాత మరల ఆంగ్లము వచ్చెను. ఇన్ని మార్పులలోను తెలుగునకు వైద్యకళాశాలలో చోటు దొరకలేదు. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి అనేక శాస్త్రములకు పారిభాషిక పదములను కూర్చినది గాని, రోగుల గదులలోని మాట ఆ పదముల జోలికి పోలేదు. నా దృష్టిలో అది గొప్ప నష్టము కాదు. 'గోలి'ని తొలగించి 'గుళిక'ను నిలుపవలసిన పని లేదు. నష్టమంతయు 'గోలి' పక్కన అంకె లేకపోవుటలోనే యున్నది.

కొలతకును కనిపెట్టి చూచుటకును గల సంబంధమును గూర్చి పూర్వమొక గొప్ప వివాదము ఈ నగరముననే నడచినది. మూసీనదికి ఉత్తరపు టొడ్డున, పాతబస్తీకి ఎదురుగా, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి యుండెడిది. 1908 సెప్టెంబరులో వచ్చిన వరదలో అది కొట్టుకొనిపోయినది. తరువాత ఆ ప్రాంతముననే ఉస్మానియా ఆసుపత్రి లేచినది. ఆ పాత ఆసుపత్రికిని వైద్యపాఠశాలకును 1885 నుండి ఎడ్వర్డు లారీ యను శస్త్రవైద్యుడు అధిపతిగా నుండెను. ఆయన ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు.

క్లోరోఫామును మత్తుమందుగా 1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ ప్రవేశపెట్టెను. కొన్ని నెలలకే, 1848 జనవరిలో, ఇంగ్లండున హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనబోయి ఆ మత్తులోనే మరణించెను. నాటినుండి వైద్యులు రెండు పక్షములైరి. లండనులో జాన్ స్నో పీల్చు గాలిలో క్లోరోఫాం పాలెంతయో కొలిచి ఇయ్యవలెనని పరికరములు కల్పించెను. ఎడింబరో వారికి ఆ కొలతపై నమ్మకము లేదు. గుడ్డపై పోసి పీల్పింపుడు, ఊపిరిని మాత్రము కనిపెట్టుకొని యుండుడు, నాడితో పని లేదు - ఇది సైమ్ బోధన. లారీ ఆ మతమును హైదరాబాదునకు తెచ్చెను. క్లోరోఫాం హృదయమును నేరుగా ఆపదని, ముందు ఊపిరి ఆగిన తరువాతనే గుండె ఆగునని, కావున ఊపిరిని కనిపెట్టువాడు రోగిని ఎన్నడును పోగొట్టుకొనడని ఆయన దృఢవిశ్వాసము.

దీనిని నిరూపించుటకు 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషను ఏర్పడెను. కుక్కలపై చేసిన ప్రయోగములు లారీ మాటనే సమర్థించెను. లండనులోని 'లాన్సెట్టు' పత్రిక సందేహము వెలిబుచ్చెను. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వము వేయి పౌనులిచ్చి, పత్రికవారే ఒక శాస్త్రజ్ఞుని పంపి పరీక్షింపవలసినదని కోరెను. వచ్చినవాడు సామాన్యుడు కాడు. హృద్రోగ ఔషధములలో ఆనాడు పేరుపొందిన లాడర్ బ్రంటన్. 1889లో రెండవ కమిషను నాలుగువందలకు పైగా జంతువులపై ప్రయోగించెను. బ్రంటన్ సందేహముతో వచ్చి లారీ పక్షమునకు మారిపోయెను. అపాయమంతయు ఊపిరి ఆగుటలోను, మందు మితిమీరుటలోను ఉన్నదని, గుండెపై నేరుగా దెబ్బ లేదని తీర్పు వెలువడెను.

ఆ రోజులలోనే ఈ వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు ఇచ్చట చెప్పవలెను. 1885లో ప్రవేశించిన తొలి విద్యార్థినులలో ఆమె యొకతె. 1889లో 'హకీం' పట్టము పొందెను. రోగులకు క్లోరోఫాం ఇచ్చు పనిలో ఆమె ఆరితేరెను. మత్తుమందు వైద్యమున తొలి మహిళలలో ఆమెను ప్రపంచచరిత్ర నేడు లెక్కించుచున్నది. 1909లో ఎడింబరోకు పోయి చదువు కొనసాగించెను. మందు విధించువాడొకడు, చేతబట్టి ఇచ్చుచు రోగి ముఖమును కనిపెట్టునది మరియొకతె అను పనివిభజన ఆమె జీవితమున స్పష్టముగా కనిపించును. నర్సు పనియు అదియే.

హైదరాబాదు తీర్పు తప్పినది. 1911లో గుడ్మన్ లెవీ యను ఆంగ్లేయుడు పిల్లులపై చేసిన ప్రయోగములలో, క్లోరోఫాం మత్తు తేలికగా నున్నప్పుడు రక్తమున అడ్రినలిన్ చేరినచో హృదయపు క్రిందిగదులు క్రమము తప్పి వణకి, గుండె ఒక్కసారిగా ఆగిపోవునని చూపెను. భయపడిన రోగి, అరకొర మత్తు, పెనుగులాట - ఇవియే ఆ మరణములకు తగిన పరిస్థితులు. కాలిగోరు తీయించుకొనబోయిన బాలిక సంగతియు ఇట్టిదే యని పలువురి యభిప్రాయము. కమిషను వారి జంతువులు ఎక్కువగా ముదిరిన మత్తులో చచ్చినవి. అచ్చట నిజముగనే ముందు ఊపిరి ఆగెను. వారు చూచినది అబద్ధము కాదు. చూడని దానిని లేదనుట తప్పైనది.

ఈ కథను విద్యార్థినులకు చెప్పినప్పుడు ఒక చురుకైన పిల్ల, 'అయితే సార్, ఊపిరి చూడాలా, నాడి చూడాలా?' అని అడిగినది. ప్రశ్న సరియైనదే, జవాబు మందును బట్టి యుండును. మార్ఫీను ఇచ్చినచో ఊపిరిని లెక్కింపవలెను, ఏలనగా అది మెదడులోని శ్వాసకేంద్రమును మందగింపజేయును. డిజాక్సిన్ ఇచ్చుటకు ముందు నిండు నిమిషము నాడి లెక్కింపవలెను. పెద్దవారికి అరువదికి తగ్గినచో మందు ఆపి వైద్యునకు తెలుపుదురు. పురిటిగుర్రపువాతమున ఇచ్చు మెగ్నీషియం సల్ఫేటు సంగతి మరియు విశేషమైనది. పేట్లబురుజులోని ప్రసూతి ఆసుపత్రి వంటి చోట్ల పనిచేయు నర్సులకిది పరిచితమే. అది మితిమీరుచున్నప్పుడు ముందుగా మోకాటి ప్రతిచేష్ట పోవును. తరువాత ఊపిరి మందగించును. కట్టకడపట గుండె ఆగును. మందు మూత్రము ద్వారానే పోవును గనుక మూత్రపు కొలతయు చూచుచుందురు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేటు చేతికందునట్లు ఉంచుదురు. లారీ ఊహించిన వరుస ఈ మందు విషయమున అక్షరాల నిజము. ఆయన దురదృష్టము క్లోరోఫాం అట్టి మందు కాకపోవుటయే.

కొన్ని మందులు హెచ్చరిక చేయవు. గాఢమైన పొటాషియం క్లోరైడును పలుచన చేయక నరములోనికి ఎక్కించినచో గుండె అప్పటికప్పుడే ఆగును. దాని గాజుకుప్పె, సూదిమందు కలుపుటకు వాడు శుద్ధజలపు కుప్పె, చూపునకు ఒకటే తీరున నుండవచ్చును. ఇచ్చట కనిపెట్టి చూచుట వలన ప్రయోజనము లేదు. కొలతయు, పేరును చదువుటయు ముందే జరుగవలెను. అందుచేతనే అనేక ఆసుపత్రులలో దానిని తక్కిన మందులతో కలిపి ఉంచరు. ఇద్దరు చదివిన తరువాత గాని ఇయ్యరు.

ఇక కొలత మాట. నర్సు విద్యార్థినులకు మొదటినుండియు అయిదు అంశములు వల్లెవేయింతురు: సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ. జాబితా మంచిదే గాని, వల్లెవేయుట సులభము. మనవారి మాటలలో ఈ అయిదింటిలో ఏది ఎచ్చట జారిపోవునో చూచుట మేలు.

వేళ సంగతి చూతము. 'మూడు పూటల' అన్న మాటలో గంటలు లేవు. ఉదయము ఎనిమిదికి, మధ్యాహ్నము ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదికి మ్రింగినచో రాత్రి ఎడము పండ్రెండు గంటలగును. మందు రక్తమున సగమునకు తగ్గుటకు పట్టు కాలమును అర్ధజీవితకాలము అందురు. మూత్రపిండములు బాగున్నవారిలో అమాక్సిసిల్లిన్‌కు అది సుమారు ఒక గంట. ఇట్టి మందు ఎనిమిది గంటల కొకమారు పడవలెను. పండ్రెండు గంటల ఎడమిచ్చినచో సూక్ష్మజీవులు తెప్పరిల్లును. డిజాక్సిన్‌కు అదే కాలము ఒక దినమునకు పైబడి యుండును గనుక దినమున కొకసారి చాలును. ఆ కారణముననే మితిమీరినచో శరీరమునుండి తొలగుటకు దినములు పట్టును. 'పరగడుపున' అన్న మాట మాత్రము మనకు అచ్చమైన ఆస్తి. థైరాయిడు మాత్రకు ఇంతకన్న చక్కని సూచన ఏ భాషలోను దొరకదు.

పరిమాణమునకు పూర్వము మనవైద్యులకు గురిగింజయెత్తు, కందిగింజంత, రేగుపండంత మొదలైన కొలతలుండెను. గింజ గింజకు బరువు మారినను కొలత కంటికి కనబడుచుండెను. ఆంగ్లవైద్యము గ్రేను తెచ్చినది. అది సుమారు 65 మిల్లీగ్రాములు. దాని వెంట గ్రాము వచ్చి, రెండింటి పొట్టిరూపములు దాదాపు ఒకటే యగుటచే, పదునైదింతల పొరపాటునకు చోటు కలిగినది. గ్రేను పోయినది, చెంచా మిగిలినది. పారాసిటమాల్ సిరపు అయిదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండునది కలదు. పసిపిల్లల చుక్కలమందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుండును. పది కిలోల బిడ్డకు ఒకసారికి నూరు మొదలు నూటయేబది మిల్లీగ్రాములు తగును. ఆ సిరపు ఒక చెంచా సరిపోవును. అదే చెంచాతో చుక్కలమందు పోసినచో ఐదువందలు. తల్లి చేసిన తప్పేమి? 'జ్వరము మందు ఒక చెంచా' అని ఎవరో చెప్పిరి. ఆమె అట్లే చేసెను. రెండు దినములు వరుసగా ఇట్లు జరిగినచో బిడ్డ కాలేయము చెడవచ్చును.

ఇన్సులిన్ విషయమున కొలతయే రెండు రూపములలో ఉన్నది. మనదేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల సీసాయు, 100 యూనిట్ల సీసాయు ఉన్నవి. సిరంజీలును రెండు తీరులు: 40 దానికి ఎఱ్ఱమూత, 100 దానికి నారింజమూత. 40 సీసాలోని మందును 100 సిరంజీతో ఇరువది గీత వరకు తీసినచో రోగికి చేరునది ఎనిమిది యూనిట్లే. 100 సీసాలోని మందును 40 సిరంజీతో ఇరువది గీత వరకు తీసినచో ఏబది చేరును. ఆ రోగి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చును. రెండు సందర్భములలోను నర్సు 'ఇరువది ఇచ్చితిని' అనియే వ్రాయును. ఆమె అబద్ధమాడలేదు. యూనిట్లను సూచించు ఆంగ్లాక్షరము సున్నవలె కనబడి పది నూరైన సందర్భములు కలవు గనుక ఆ మాటను పూర్తిగా వ్రాయవలెనందురు. దశాంశబిందువు తరువాత ఊరక సున్న పెట్టరాదు. బిందువునకు ముందు సున్న విడువరాదు. ఒకే తీరుగా వినబడు పేర్లను వేరుచేయుటకు ఆంగ్లమున భిన్నాక్షరములను పెద్దవిగా అచ్చు వేయుదురు. మన లిపిలో పెద్ద అక్షరములు లేవు గాని, డోపమిన్, డోబ్యుటమిన్ అని వ్రాసినప్పుడు తేడా చెవికిని కంటికిని చక్కగా అందును. రోగికిచ్చు కాగితముపై మందు పేరు తెలుగున వ్రాయుట అవమానమని తలచువారు ఈ సంగతి ఆలోచింపవలెను.

మా యింటిలోనే జరిగిన ముచ్చట యొకటి. రక్తపుపోటునకు మా తల్లిగారు ఏండ్ల తరబడి 'ఒక గోలి' వేసికొనుచుండిరి. ఒకమారు దుకాణమున పాత బలము దొరకక రెట్టింపు బలముగలది ఇచ్చి, సగము విరిచి వేసికొమ్మనిరి. ఆ 'సగము' అను మాట ఇల్లు చేరలేదు. మూడవనాడు ఆమె మంచము దిగబోయి తూలిపడిరి. గోలి రంగు, పరిమాణము మారలేదు. రేకుపై అంకె మాత్రము మారెను. ఆమెకు ఆంగ్లపు అంకెలు తెలియును. ఆ అంకెను చూడవలెనని ఎవరును చెప్పలేదు, నేనును చెప్పలేదు.

తెలుగువారు మరువరాని మందు మరియొకటి కలదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనాధిపతిగా నుండగా, వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. దానికి ఎదురుగా పనిచేయు మందులను కూడ నిర్మించినది. వానిలో మిథోట్రెక్సేట్ నేటికిని నిలిచియున్నది. అధికమైన మోతాదులో అది కొన్ని క్యాన్సర్లకు మందు. కీళ్లవాతమునకు చాల స్వల్పముగా, వారమున కొకసారి మాత్రమే ఇత్తురు. పొరపాటున దినదినము మ్రింగినచో ఎముకమూలుగ దెబ్బతిని ప్రాణము పోవును. ఇట్టి మరణములు పెక్కు దేశములలో నమోదైనవి. తెలుగున 'వారము' ఏడుదినములకును పేరే, ఒక్క దినమునకును పేరే. 'ఏ వారము' అన్న ప్రశ్నకు మనవారు దినము పేరు చెప్పుదురు. ఆంగ్లమునకు లేని సదుపాయమిది. అచ్చట సోమవారపు పొట్టిరూపమును ఉదయమని చదివినవారుండుటచే, సోమవారము వలదని కొందరు సలహా ఇత్తురు. పైగా ఈ మాత్రయు, దీనికి తోడుగా మరియొక దినమున ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రయు తరచుగా పసుపురంగువే.

రోగిని పంపునప్పుడు 'అర్థమైనదా?' అని అడుగరాదని, ఎట్లు వేసికొందురో వారిచేతనే చెప్పింపవలెనని నర్సు పాఠ్యగ్రంథములు బోధించును. నేను చూచిన ఒక సాయంకాలము, కీళ్లవాతముతో వచ్చిన వృద్ధురాలిని మా విద్యార్థిని 'ఇంటికి పోయినంక గోలీలు ఎట్ల ఏస్కుంటవమ్మా?' అని అడిగెను. ఆమె 'పొద్దుమాపు ఒక్కొక్కటి, బిడ్డా' అనెను. విద్యార్థిని చీటీ వెనుకకు తీసికొని, పసుపుమాత్రలను ఆమె యెదుట పరచి, మరల చెప్పెను, మరల అడిగెను. ఈసారి ఆమె వ్రేళ్లు మడచుచు, 'జుమ్మా నాడు. నాలుగు చిన్నయి. అన్నం తిన్నంక. తక్కిన దినాలు ఇవి ముట్ట' అనెను. విద్యార్థిని చీటీపై తెలుగున వ్రాసినది: మిథోట్రెక్సేట్, 2.5 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, మొత్తము 10 మిల్లీగ్రాములు, శుక్రవారము మాత్రమే.